పాత బడి రిజిస్టర్లను తూకానికి వేయకండి

ఎడిటర్ గారికి, నమస్కారం.

ఈ మధ్య మీ పేపరు జిల్లా పేజీల్లో ఊరి బడుల వందేళ్ల పండగల వార్తలు వరసగా వస్తున్నాయి. పూర్వ విద్యార్థుల ఫోటో, పాత మాస్టార్లకు శాలువాలు, కొత్త గేటు ప్రారంభం, ఇవన్నీ చూసి సంతోషిస్తున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయితే ప్రతి వార్తలోనూ ఒక వాక్యం ఉంటుంది, "ఈ పాఠశాలను ఫలానా సంవత్సరంలో స్థాపించారు" అని. ఆ వాక్యం గురించే ఈ ఉత్తరం. మా ఊరి బడి విషయంలో ఆ ఒక్క వాక్యం నిజమా కాదా తెలుసుకోవడానికి ఎనిమిది నెలలు కాళ్లరిగేలా తిరిగాను కాబట్టి రాస్తున్నాను. కాస్త పెద్ద ఉత్తరమే, వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముప్పయ్యేళ్లకు పైగా ఎలిమెంటరీ బడుల్లో పంతులుగా చేసి రిటైరయ్యాను. మాది గుంటూరు వైపు ఒక పల్లెటూరు. మా బడికి వందేళ్లు నిండాయని, సావనీరు వేస్తున్నామని ఊరి కుర్రాళ్లు వచ్చి "మాస్టారూ, చరిత్ర ఒక రెండు పేజీలు మీరే రాయాలి" అన్నారు. దాతల పేర్లు, హెడ్మాస్టర్ల జాబితా వాళ్ల దగ్గర సిద్ధంగా ఉన్నాయి. పైన ఒక పేరా పెడితే చాలన్నట్టు అడిగారు. సరేనని, రాసేముందు పాత కాగితాలేమైనా ఉంటే చూద్దామని బడికి వెళ్లాను.

వెనక గదిలో తుప్పు పట్టిన ఇనుప బీరువా ఒకటుంది. తాళం ఎప్పుడో పోయింది, తలుపు కొబ్బరి తాడుతో కట్టేసి ఉంది. పై అరల్లో విరిగిన గ్లోబు, క్యారంబోర్డు, ఎన్నికలప్పుడు మిగిలిపోయిన అట్టపెట్టెలు. పాత రిజిస్టర్లు ఏవమ్మా అని అక్కడ పనిచేసే ఆవిడను అడిగితే, "పోయినసారి సున్నాలు వేసేటప్పుడు మూడు బస్తాలు పాత పేపర్ల వాడికి వేసేశాం మాస్టారూ, చెదలు పట్టాయని" అంది. ఆవిడ తప్పేమీ లేదు, ఖాళీ చేయమన్నారు, చేసింది. ఆ మాట విన్నాక మాత్రం కొంతసేపు అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను.

కింది అరలో మూడే మిగిలాయి. రెండు అడ్మిషన్ రిజిస్టర్లు, ఒక తనిఖీ పుస్తకం.

మొదటి రిజిస్టరు పొడుగ్గా, గుడ్డ అట్టతో ఉంది. వీపు భాగం చెదలు తినేశాయి, సిరా గోధుమరంగుకు తిరిగింది, పేజీ తిప్పితే అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఇంటికి తెచ్చుకుని, కిందొక తెల్లగుడ్డ పరిచి, రోజుకు పది పేజీల లెక్కన చదివాను. వరస నంబరు, పేరు, తండ్రి పేరు, తండ్రి వృత్తి, కులం, చేరిన తేదీ, తరగతి, టీకా వేయించారా లేదా, బడి విడిచిన తేదీ, కారణం. టీకా అంటే మశూచికి వేసే టీకా. ఇప్పటి పిల్లలకు ఆ జబ్బు పేరే తెలియదు, అప్పుడు మాత్రం బడిలో చేర్చుకునేటప్పుడే ఆ గడి నింపేవారు. కొన్ని పేర్లకు ఎదురుగా విడిచిన కారణం దగ్గర "మరణం" అని ఒక్క మాట ఉంది. ఆరేళ్లవాడు, ఏడేళ్లవాడు.

ఎక్కువ పేర్ల దగ్గర కారణం "పశువులు కాచుటకు", "ఊరు విడిచిరి", "ఫీజు చెల్లించనందున". ఒక పిల్లవాడైతే మూడుసార్లు చేరాడు. తండ్రి కూలి. మొదటిసారి చేరి ఊడ్పుల రోజుల్లో మానేశాడు, మళ్లీ చేరి కోతలకు మానేశాడు, మూడోసారి ఒకటో తరగతిలోనే కొత్త నంబరుతో చేరాడు. మూడోసారి పేరుకెదురుగా విడిచిన తేదీ గడి ఖాళీగా ఉంది. చదివాడో, హాజరు పోయి పేరు కొట్టేయడం పంతులుగారు మరిచిపోయారో. ఆ గడి దగ్గర ఆగి చాలాసేపు చూశాను.

ఇక అసలు సంగతి. మా బడి గోడ మీద రాసిన సంవత్సరం, ఆ రిజిస్టరు మొదటి పేజీలో తాలూకా బోర్డు బడిని తన చేతికి తీసుకున్నట్టు రాసిన సంవత్సరం, రెండూ ఒకటే. అదే పేజీలో పంతులుగారి పేరు కూడా ఉంది. ఆయన అంతకు చాలా ముందు నుంచే మా ఊళ్లో అరుగు మీద బడి చెప్పుకునే అయ్యవారు. ఈ సంగతి మా తాతగారు చెప్పగా చిన్నప్పుడు విన్నాను, తాతగారు అక్షరాలు దిద్దింది ఆ అయ్యవారి దగ్గరే. అంటే గోడ మీద ఉన్నది సర్కారు లెక్కలోకి ఎక్కిన ఏడు. బడి పుట్టింది అంతకుముందెప్పుడో. మన జిల్లాల్లో చాలా ఊళ్ల బడుల కథ ఇలాగే ఉంటుందని నా నమ్మకం. 1884 నాటి మద్రాసు స్థానిక బోర్డుల చట్టం తర్వాత తాలూకా బోర్డులు, జిల్లా బోర్డులు పల్లెల్లో బడులు తెరిచాయి, నిజమే. కానీ అనేకచోట్ల అప్పటికే నడుస్తున్న వీధిబడికే గ్రాంటు ఇచ్చి పేరు ఎక్కించుకున్నారు.

వీధిబడి అంటే ఈ తరానికి చెప్పాలి. విడిగా భవనం ఉండదు, ఎవరి ఇంటి అరుగో, సావిడో, గుడి మండపమో. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం మీద వేలితో దిద్దిస్తారు, తర్వాత నేల మీద ఇసుకలో, ఆ తర్వాత పలకా బలపం, చెయ్యి తిరిగాక తాటాకూ గంటం. ఇరవయ్యో శతాబ్దం మొదటికి రాతి పలకలు, అచ్చు పుస్తకాలు బాగానే వచ్చేశాయి, పెద్ద బాలశిక్ష ఊరూరా ఉండేది. ఓనమాలు, గుణింతాలు, సుమతీ వేమన పద్యాలు, ఎక్కాలు. ఎక్కాలంటే ఇప్పటిలా ఇరవయ్యో ఎక్కంతో ఆగేవి కావు. కాలు, అర, ముప్పావు, వీసం ఎక్కాలు కూడా నోటికి రావాలి. రూపాయికి పదహారు అణాలు, నూట తొంభై రెండు పైలు. నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. ఈ లెక్క నోటికొచ్చిన పిల్లవాడికి కళ్లంలో ధాన్యం కొలిచేచోట ఎవరూ మోసం చేయలేరు. ఆ బడికి అమావాస్యకూ పున్నమికీ సెలవు, ఆదివారం సెలవు అనేది సర్కారు బడితో వచ్చింది. అయ్యవారికి జీతం నెలకు పిల్లవాడికి ఇంతని అణాల్లో, లేదంటే పంట ఇంటికొచ్చినప్పుడు గింజల్లో. దసరాకు పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ వెళ్తే వచ్చేదే ఆయనకు ఏడాదిలో పెద్ద రాబడి.

ఈ బడుల మొదటి పెద్ద లెక్క 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లా కలెక్టర్లను అడిగితే బయటికొచ్చింది. 1826 నాటికి లెక్క తేలితే మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. అప్పట్లో అనంతపురం ప్రాంతం కూడా కలిసి ఉన్న బళ్లారి జిల్లా నుంచి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో రాసి పంపిన రిపోర్టులో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారు. ఆ రిపోర్టులోనే ఒక ముచ్చట ఉంది. పొద్దున బడికి అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, రెండోవాడికి సున్నా చుడతారు, మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చేవాడికల్లా ఒక్కొక్కటి పెంచుకుంటూ పోతారు. ఇది చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. ఎందుకంటే మా తాతగారు తన చిన్నప్పటి బడి గురించి చెబుతూ, ముందొచ్చినవాడికి అయ్యవారు చేతిలో "శ్రీ" రాసేవారని, తర్వాతవాడికి చుక్క అని, ఆ శ్రీ కోసం తెల్లవారుజామున చీకట్లో పరిగెత్తేవాళ్లమని అనేవారు. దొరగారి రిపోర్టుకూ తాతగారి చిన్నతనానికీ మధ్య దగ్గరదగ్గర తొంభై ఏళ్లు. ఆ ఆచారం అన్నేళ్లూ ఎవరూ రాసిపెట్టకుండానే చేతి నుంచి చేతికి నడిచింది. మా తాతగారు ఆ మాట నాతో అనకపోయి ఉంటే మా ఊరికి సంబంధించినంతవరకు అది పోయినట్టే కదా.

ఈ అయ్యవార్లు సర్కారు లెక్కలోకి ఎలా వచ్చారన్నదీ తెలుసుకోవాలి. పంతొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి నడిచింది. ఇనస్పెక్టరు ఏడాదికోసారి వచ్చి ఒక్కొక్క పిల్లవాణ్ణీ పరీక్ష చేస్తాడు, ప్యాసైనవాళ్లను బట్టి పంతులుకు డబ్బు. ఆ రోజు పిల్లవాడికి జ్వరమొస్తే పంతులు ఇంట్లో పొయ్యి వెలగదు. అంత టెన్షన్ పెట్టుకుని చెప్పే చదువు బట్టీ కాకుండా ఇంకేమవుతుంది? ఇరవయ్యో శతాబ్దం మొదటి ఏళ్లకల్లా ఆ పద్ధతిని వదిలేశారు, అది మంచి పనే. తర్వాత తనిఖీకి వచ్చినవాళ్లు ఏం చూశారో మా తనిఖీ పుస్తకంలో కనిపిస్తుంది. "పటములు లేవు", "వాన కురిసిన యెడల బాలురకు కూర్చుండ చోటు చాలదు", "మూడవ తరగతి వారు గణితమున బాగుగా నున్నారు". ఆ చివరి మాట కింద పంతులుగారు సంతకం పెట్టిన చోట సిరా బాగా ఒత్తి ఉంది.

ఆ గ్రాంథికం చూస్తే ఇంకొకటి కూడా రాయాలనిపిస్తోంది. ఇంట్లో "వస్తున్నాడు" అనే పిల్లవాడు బడి పుస్తకంలో "వచ్చుచున్నాడు" అని చదవాలి. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారు జిల్లాల బడుల ఇనస్పెక్టరుగా ఉన్న యేట్స్ అనే ఇంగ్లీషాయన, మీ మాటకూ పుస్తకానికీ ఇంత తేడా ఎందుకని అడిగాడు. గిడుగు రామమూర్తి గారు, గురజాడ అప్పారావు గారు వ్యావహారికం కోసం చేసిన పోరాటానికి అక్కడ ఊపు వచ్చింది. బడి గది నుంచి లేచిన ప్రశ్న అది. మీ పేపరు ఈ రోజు ఈ భాషలో వస్తోందంటే అందులో ఆ పలకల పిల్లల అవస్థకూ పాలు ఉంది.

చట్టాల సంగతి క్లుప్తంగా చెప్తాను. 1911లో గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్య కోసం కేంద్ర శాసన మండలిలో బిల్లు పెట్టారు, 1912లో 38 మంది వ్యతిరేకించగా 13 మంది మాత్రమే బిల్లు వైపున నిలిచి అది ఓడిపోయింది. మద్రాసులో 1920లో ఎలిమెంటరీ విద్యా చట్టం వచ్చింది, జిల్లా విద్యా మండళ్లు ఏర్పడ్డాయి, చదువు కోసం పన్ను వేసుకునే వీలు కలిగింది. మా రిజిస్టరులో "ఫీజు చెల్లించనందున" అన్న మాట రెండో పుస్తకానికి వచ్చేసరికి తగ్గిపోయింది. పశువులు కాయడం మాత్రం తగ్గలేదు.

నైజాం వైపు కథ వేరు. అక్కడ పై చదువులన్నీ ఉర్దూలో నడిచాయి, తెలుగులో సొంతంగా బడి పెట్టుకోవాలన్నా 1920ల నాటికి ముందస్తు అనుమతి తప్పనిసరి అయింది. అరుగు మీద నలుగురు పిల్లలకు ఓనమాలు చెప్పడానికీ పర్మిషన్! 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మొదటిసారి కూడినప్పుడు చదువు పెద్ద విషయమైందంటే ఊరికే కాదు. తెలంగాణ ఊళ్లలో అలా దొంగచాటుగా నడిచిన బడుల కాగితాలు ఉండే అవకాశమే తక్కువ, మనుషుల నోట మిగిలినదే చరిత్ర. ఆ మనుషుల పిల్లలకు కూడా ఇప్పుడు ఎనభై ఏళ్లు.

ఇక మా రిజిస్టరులో లేనివాళ్ల గురించి. ఇది రాయకపోతే నేను రాసిన పై పేజీలన్నీ సగం అబద్ధం అవుతాయి.

మొదటి రిజిస్టరు దాదాపు అంతా మగపిల్లలే. ఆడపిల్లల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అవీ రెండో తరగతి దాటలేదు. కందుకూరి వీరేశలింగం గారు ధవళేశ్వరంలో బాలికల బడి పెట్టింది 1874లో. అక్కడి నుంచి మా ఊరికి ఆ మాట రావడానికి రెండు తరాలు పట్టింది.

మాల మాదిగ పల్లెల పిల్లల పేరు ఒక్కటి కూడా లేదు. రికార్డు ప్రకారం బోర్డు బడి అందరిదీ. కానీ అది నడిచింది గుడి పక్క సావిడిలో. వాళ్లను ఆ వీధిలోకే రానివ్వని రోజుల్లో బడి అందరిదీ అంటే ఏమిటి అర్థం? బడి ఎక్కడ కట్టారన్నదే ఎవరికి చదువో తేల్చేసింది. మా సావనీరు కమిటీలో ఒకరు "ఇప్పుడవన్నీ ఎందుకు మాస్టారూ, పండగ పూట" అన్నారు. ఉంటే అన్నీ ఉండాలి, లేకపోతే నా పేరు తీసేయండని చెప్పాను. పేరూ ఉంది, ఆ పేరా కూడా ఉంది.

అదే కాలంలో మా ఊరి మాల మాదిగ పల్లెలో వేరే బడి ఒకటి నడిచింది. గుంటూరు సీమలో లూథరన్ మిషన్ 1842 నుంచి ఉంది, ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టులు 1866 నుంచి పనిచేశారు. వాళ్ల పల్లె బడులు మట్టి గోడలు, తాటాకు కప్పు. ఆదివారం ప్రార్థన, మిగతా రోజులు చదువు, రెండింటికీ ఒకే గది, చాలాసార్లు ఒకే మనిషి. మా పల్లెలో ఒక పెద్దాయన తన నాన్న ఆ బడిలోనే చదివాడని చెప్పి, ట్రంకు పెట్టె తీసి పాత గుడ్డలో చుట్టిపెట్టిన పలక ముక్క చూపించాడు. చెక్క చట్రం ఒక వైపు ఊడిపోయింది, మూలన మేకుతో గీసిన పేరు ఉంది. ఆ ఇంట్లో రాయడం వచ్చిన మొదటి మనిషి పేరు అది. మా ఊరి బడికి వందేళ్లంటే ఆ పలకకు కూడా వందేళ్లే కదా, స్టేజీ మీద దానికి చోటుండాలని పట్టుబట్టాను. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు 1906లో దళితుల కోసం జగన్మిత్ర మండలి పెట్టి ఆ తర్వాత నడిపిన బడుల గురించి చదివినప్పుడల్లా, ఊరూరా ఇలాంటి పలకలు ఎన్ని ట్రంకు పెట్టెల్లో ఉన్నాయో అనిపిస్తుంది.

ఎడిటర్ గారూ, మీ ద్వారా కొన్ని మాటలు అడగాలని ఉంది.

హెడ్మాస్టర్లకు మొదటిది. మీ పని ఒత్తిడి నాకు తెలుసు, ఆన్‌లైన్ హాజరుతోనే తల ప్రాణం తోకకు వస్తోంది. అయినా 1950కి ముందు రిజిస్టరు ఏదైనా కంటబడితే దాన్ని తూకానికి వేయకండి. చెదలు పట్టినా సరే. పేజీ పేజీ సెల్‌ఫోన్లో ఫోటో తీసి, పుస్తకాన్ని పాత నూలు గుడ్డలో చుట్టి, నేలకు ఆనకుండా పైన పెట్టండి. మేము మా రెండు రిజిస్టర్లనూ ఒక ఆదివారం ముగ్గురు కుర్రాళ్లతో కూర్చుని సాయంత్రంలోపు ఫోటోలు తీశాం. ఫ్లాష్ వేయకుండా, కిటికీ పక్కన వెలుతురులో తీస్తే పాలిపోయిన సిరా కూడా చదవడానికి వస్తుంది. అయితే కులం గడి, జబ్బుల గడి ఉన్న పేజీలను వాట్సాప్ గ్రూపుల్లో మాత్రం పెట్టకండి, ఆ కుటుంబాలు ఇంకా మన మధ్యే ఉన్నాయి.

విద్యాశాఖ వారికి రెండోది. బడులకు రంగులేసే ముందు, గదులు కూల్చే ముందు పాత రికార్డులు చూసి తీసిపెట్టాలని ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, దీనికి బడ్జెట్ అక్కర్లేదు. బడిలో చోటు లేకపోతే దగ్గరి గ్రంథాలయానికి ఇవ్వొచ్చు. 1914లో అయ్యంకి వెంకట రమణయ్య గారి వంటివాళ్లు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పెట్టిన గడ్డ మనది. 1918లో వేటపాలెంలో పుట్టిన సారస్వత నికేతనం ఈ రోజుకీ పాత పత్రికలను దాచిపెడుతోంది. ఒక పల్లె చేయగలిగిన పని జిల్లా కేంద్రాలు చేయలేవా?

మూడోది మీకే. వందేళ్ల పండగ వార్త వేసేటప్పుడు మీ విలేకరితో ఒక్క ప్రశ్న అడిగించండి. ఈ సంవత్సరం ఎక్కడి నుంచి తెచ్చారు, కాగితం ఉందా, దానికి ముందు ఈ ఊళ్లో చదువు చెప్పినవాళ్లెవరు అని. జవాబు తెలియకపోయినా ఫర్వాలేదు, ఆ ప్రశ్న విన్నాక ఎవరో ఒకరు బీరువా తెరుస్తారు.

వేసవి సెలవుల్లోనే బడులకు సున్నాలు వేస్తారు, బీరువాలు ఖాళీ చేసేది కూడా అప్పుడే. ఏప్రిల్‌లోపే ఈ ఉత్తరం వేయగలిగితే మేలు.

ఇట్లు,
ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా